ఇంజిన్ ఫ్లష్ పోయించాలా, వద్దా? (1.3 డీజిల్, 1,32,000 కి.మీ., మూత కింద నల్లటి మడ్డి)

పాలేరు_పయనం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బండి 2014 స్విఫ్ట్ డీజిల్, 1248 సీసీ. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది, రీడింగ్ 1,32,000. పాత ఓనరు దగ్గర 80,000 దాకానే సర్వీసు బిల్లులున్నాయి. ఆ తర్వాత ఆయిల్ ఎప్పుడు మార్చారో, ఏ గ్రేడు పోశారో ఆధారం లేదు. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపలి వైపు వేలితో గీస్తే గీత పడేంత నల్లటి పొర ఉంది. ఆయిల్ లెవెల్ చూసే గేజ్ (డిప్‌స్టిక్) మీద ఆయిల్ కూడా తారులా ఉంది. శబ్దం మామూలే. స్టార్ట్ చేయగానే ఆయిల్ లైటు ఆరిపోతోంది.

సర్వీసు సెంటరులో ఇంజిన్ ఫ్లష్ (పాత ఆయిల్‌లో కలిపి లోపలి మడ్డిని కడిగే ద్రావకం) చేయించమంటున్నారు: 300 మి.లీ. డబ్బా, పది నిమిషాల పని అట. షెడ్డు మేస్త్రీ ఏమో ఆ డబ్బాలో ఉన్నదీ కిరసనాయిలే, రెండు లీటర్లు పోసి పావుగంట తిప్పితే లోపలంతా కడిగినట్టవుతుంది అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? సీళ్లు, టర్బో పాడవుతాయా? పాత ఇంజిన్‌లో ఫ్లష్ పోస్తే సీజ్ అవుతుందని కూడా విన్నాను, అది ఎంతవరకు నిజం?

స్పానర్17

ముందు ఆయిల్ రంగు సంగతి. డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడటం జబ్బు కాదు. కొత్త ఆయిల్ పోసి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగితే చాలు, మసి కలిసి నల్లగా అవుతుంది. ఆ మసిని గడ్డ కట్టనివ్వకుండా తేలుతూ ఉంచడమే ఆయిల్‌లోని డిస్పర్సెంట్ల పని. కాబట్టి గేజ్ చూసి ఎవరైనా ఫ్లష్ అంటగడితే వద్దనండి. మీ బండిలో పట్టించుకోవలసింది మూత కింద పొరే.

మూత తీసి, టార్చి వేసి ఆ రంధ్రంలోంచి కనిపించినంత మేర లోపల చూడండి. లోహం మీద బెల్లం పాకం రంగులో పలుచటి పూత ఉండి, రుద్దినా వేలికి అంటకపోతే అది వార్నిష్. దాన్ని వదిలేయండి, హాని లేదు. మూత కింద మాత్రమే తెల్లటి వెన్నలాంటి పేస్టు ఉంటే అది తేమ. రోజూ రెండు మూడు కిలోమీటర్లకు మించి తిరగని బండ్లలో వస్తుంది, హైవే మీద గంటసేపు నడిపితే పోతుంది (కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ ప్యాకింగ్ చూపించాలి). ఇక అసలైన మడ్డి నల్లగా ఉండి గ్రీజులా వేలికి అంటుతుంది. ఇంకా ముదిరితే ఎండి, గోటితో లేపితే బొగ్గు పెచ్చుల్లా ఊడొస్తుంది. పెచ్చులు కనిపించిన ఇంజిన్‌లో మాత్రం ఏ కంపెనీ ఫ్లషూ పోయకండి.

కారణం ఇది. ఫ్లష్ మడ్డిని మాయం చేయదు, ఉన్నచోటి నుంచి కదుపుతుంది. కదిలినదంతా కారేది ఛాంబర్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి). అక్కడ ఆయిల్ పంపు పీల్చే గొట్టం మూతికి జాలీ ఉంటుంది. ఆయిల్ ఫిల్టరు వచ్చేది పంపు తర్వాత, కాబట్టి జాలీని ఫిల్టరు కాపాడలేదు. మెత్తగా కరిగిన మడ్డి జాలీ దాటి ఫిల్టరులో పడుతుంది, ఇబ్బంది లేదు. పెచ్చులు మాత్రం జాలీకి అడ్డంగా అతుక్కుంటాయి. అప్పుడు పంపుకి ఆయిల్ అందదు. ముందు దెబ్బ తినేవి ఆయిల్ చివరగా చేరే భాగాలు: టర్బో బేరింగు, క్యామ్‌షాఫ్టు, హైడ్రాలిక్ టాపెట్లు. మీ 1.3 ఇంజిన్‌లో ఇంకో సంగతి ఉంది. టైమింగ్ చైన్‌ని బిగించి పట్టే టెన్షనర్ కూడా ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది. ప్రెషర్ పడిపోతే చైన్ వదులై పళ్ల చక్రం మీద పన్ను దాటే ప్రమాదం ఉంది. దాటితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. ఫ్లష్ పోశాక సీజ్ అయిందనే మాట వెనక ఉన్నది ఇదే. రసాయనం లోహాన్ని తినడం కాదు, ఆయిల్ దారి మూసుకోవడం.

ఇక రెండు లీటర్ల కిరసనాయిలు (మా వైపు గ్యాస్‌నూనె అంటాం). 30 గ్రేడు ఆయిల్ అంటే 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. అదే వేడిలో కిరసనాయిలు చిక్కదనం ఒక సెంటీస్టోక్ కూడా ఉండదు. 3.2 లీటర్ల ఆయిల్‌లో 300 మి.లీ. ఫ్లష్ కలిస్తే అది మొత్తంలో 8.6 శాతం. చిక్కదనం సుమారు ఐదో వంతు తగ్గి 20 గ్రేడు దగ్గరికి వస్తుంది. లోడు లేకుండా, ఐడిలింగ్‌లో పది నిమిషాలకు అది చెల్లుతుంది. మూడు లీటర్ల ఆయిల్‌లో రెండు లీటర్ల కిరసనాయిలు పోస్తే 40 శాతం. చిక్కదనం నాలుగు సెంటీస్టోక్స్ లోపలికి పడిపోతుంది. పైగా లెవెల్ గరిష్ఠ గీత దాటి రెండు లీటర్లు ఎక్కువైపోతుంది. ఆయిల్ మొత్తం దించేసి ఉత్త డీజిల్‌తోనో కిరసనాయిలుతోనో ఇంజిన్ తిప్పడం ఇంకా ఘోరం. బేరింగుకీ షాఫ్టుకీ మధ్య నిలిచేది కొన్ని మైక్రాన్ల ఆయిల్ పొర, అది తెగిపోతుంది. టర్బో ఐడిలింగ్‌లో కూడా నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది.

మీరు నిర్ణయం తీసుకునే ముందు రెండు పరీక్షలు చేయండి.

మొదటిది కాగితం పరీక్ష. ఇంజిన్ వేడెక్కాక గేజ్ కొస నుంచి ఒకే ఒక్క చుక్క కాఫీ ఫిల్టర్ పేపరు మీదో, అద్దుడు కాగితం మీదో వేయండి. కాగితం కింద ఏదీ తగలకుండా గ్లాసు అంచు మీద పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున మచ్చ మధ్య నుంచి అంచు దాకా ఒకే బూడిద రంగులో పాకి ఉంటే ఆయిల్‌కి మసి మోసే శక్తి ఇంకా ఉందని. నడుమ కాటుక చుక్కలా నల్లగా ఆగిపోయి, గీసినట్టు అంచు కట్టి, చుట్టూ ఖాళీగా ఉంటే ఆ శక్తి అయిపోయిందని. మడ్డి పేరుకునేది ఆ దశలోనే.

రెండోది ఆయిల్ ప్రెషర్. డాష్‌బోర్డు లైటుని నమ్ముకోవద్దు. ఆ లైటు అర బార్ ప్రెషర్ దరిదాపుల్లోనే ఆరిపోతుంది కాబట్టి లైటు ఆరింది అంటే ప్రెషర్ సరిపోతోందని కాదు. ప్రెషర్ స్విచ్చు విప్పి, ఆ చోట మెకానికల్ గేజ్ బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక చూడాలి. మోటు లెక్కన ఐడిలింగ్‌లో ఒక బార్‌కి తగ్గకూడదు, 3000 ఆర్‌పీఎం దగ్గర మూడు బార్ల పైన ఉండాలి. ఇప్పుడే తక్కువ చూపిస్తుంటే జాలీ సగం మూసుకుని ఉండొచ్చు, బేరింగులు అరిగి ఉండొచ్చు. రెండింటిలో ఏదైనా ఫ్లష్ పోయడం ప్రమాదమే.

ద్రావణి

డబ్బాలో ఉన్నదీ కిరసనాయిలే అన్నది సగం నిజం. చాలా ఫ్లష్‌లలో మూల ద్రావకం కిరోసిన్ జాతిదే, కానీ వాసన, ఆరోమాటిక్స్ (బెంజీన్ జాతి ఘాటు పదార్థాలు) తీసేసి శుద్ధి చేసింది. దానికి డిటర్జెంట్లు, కొన్నిటిలో అరుగుదల తగ్గించే రసాయనాలు కలుపుతారు. కిరసనాయిలు మడ్డిని కరిగించి వదిలేస్తుంది. డిటర్జెంటు కరిగినదాన్ని మళ్లీ అతుక్కోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. తేడా అక్కడుంది.

అయితే అన్ని డబ్బాలూ ఒకటి కావు. కొనే ముందు ఆ ఉత్పత్తి సేఫ్టీ డేటా షీటు తెరిచి మూడో సెక్షన్ చూడండి, కలిపిన పదార్థాల పేర్లు, క్యాస్ నంబర్లు (ఒక్కో రసాయనానికీ ఉండే గుర్తింపు సంఖ్యలు) ఉంటాయి. 64742-47-8 కనిపిస్తే శుద్ధి చేసిన కిరోసిన్ జాతి ద్రావకం, రబ్బరుకి పెద్దగా హాని చేయదు. 64742-95-6 అంటే ఆరోమాటిక్ నాఫ్తా. జైలీన్, టోలీన్ పేర్లు కూడా ఉంటే అది ఘాటు సరుకు. తొమ్మిదో సెక్షన్‌లో ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస వేడి) ఉంటుంది. షీటే దొరకని డబ్బా కొనకండి.

ఫ్లాష్ పాయింట్ ఎందుకు చూడాలంటే, వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ 80 నుంచి 100 డిగ్రీల దాకా ఉంటుంది. మన దేశంలో అమ్మే కిరోసిన్‌కి, డీజిల్‌కి ప్రమాణం ప్రకారం ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలకు తగ్గకూడదు, అంతే. 35 దాటితే పైన మండే ఆవిరి తయారు కావచ్చు. ఆ ఆవిరి ఆయిల్ మూతలోంచి, గేజ్ గొట్టంలోంచి బయటికి వస్తుంది. అందుకే ఇంజిన్ ఆపాకే పోయాలి. పోసేటప్పుడు వేడెక్కిన టర్బో మీద, ఎగ్జాస్టు మీద చుక్క పడకూడదు. మూత వెంటనే బిగించాలి. దగ్గర్లో బీడీ, వెల్డింగు, గ్రైండరు ఉండకూడదు. మంటలార్పే పొడి రసాయనం సిలిండరు ఒకటి చేతికందేలా పెట్టుకోండి, అంటుకుంటే నీళ్లు పోయడం వద్దు. పెట్రోలు ఆవిరి సున్నాకి 40 డిగ్రీలు కిందనే అంటుకుంటుంది, అది ఆయిల్‌లో కలపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

సీళ్ల విషయం. క్రాంక్ సీళ్లు కొత్త ఇంజిన్లలో ఎక్కువగా ఫ్లోరో రబ్బరు, పాతవాటిలో నైట్రైల్, అక్రిలిక్ రబ్బరు. కిరోసిన్ జాతి ద్రావకం 8 శాతం, పది నిమిషాలు అంటే వీటిలో దేనికీ లెక్కలోది కాదు. నైట్రైల్‌ని ఉబ్బించేవి టోలీన్, జైలీన్. ఫ్లోరో రబ్బరు ఆ రెండింటినీ తట్టుకుంటుంది కానీ అసిటోన్ లాంటి కీటోన్లకు ఉబ్బి పాడవుతుంది. రంగుల షాపులో దొరికే థిన్నర్‌లో ఈ రెండు జాతులూ కలిసి ఉంటాయి. కొన్ని షెడ్లలో కిరసనాయిలుకి బదులు థిన్నర్ పోస్తారు, అది ఏ రబ్బరునీ వదలదు. సిలికాన్ ప్యాకింగులు ఏ హైడ్రోకార్బన్‌లో నానినా ఉబ్బుతాయి.

ఫ్లష్ తర్వాత ఆయిల్ కారడం మొదలైందని వినే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం వేరు. సీలు పెదవి ఎప్పుడో గట్టిపడిపోయి ఉంటుంది, సందుని మడ్డే మూసి ఉంటుంది. మడ్డి కడిగేశాక సందు తెరుచుకుంటుంది.

మనుషుల భద్రత గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తాను. ఈ ద్రావకాల డబ్బా మీద ఛాతీలో నక్షత్రం ఉన్న బొమ్మ ఉంటుంది. కిరోసిన్ జాతి వాటి మీద దాని అర్థం సాధారణంగా ఇది: మింగితే కడుపు కంటే ఊపిరితిత్తులకు ముప్పు. పలుచటి ద్రవం కాబట్టి పొరమారిందంటే చుక్కలు ఊపిరితిత్తుల్లోకి జారి రసాయన న్యుమోనియా వస్తుంది. వాంతి చేయిస్తే రెండోసారి అదే దారిన పోతుంది. ఉప్పునీళ్లు, పాలు పట్టడం, గొంతులో వేలు పెట్టడం, ఏవీ చేయకండి. డబ్బా చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి, లేదా 108కి. మిగిలిన ద్రావకాన్ని కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంట్లో పెట్టవద్దు. నోటితో పైపు పీల్చి తీయడం కూడా ఇదే ప్రమాదం.

చర్మం సంగతి కూడా. పని అయ్యాక పెట్రోలుతో చేతులు కడుక్కోవడం మన షెడ్లలో రోజూ జరిగేదే. బీఎస్6 పెట్రోలులో కూడా ఒక శాతం వరకు బెంజీన్ ఉండొచ్చు, అది రక్త క్యాన్సరు కారకం. 1999, 2000 సంవత్సరాల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కారు మెకానిక్‌లకు చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కే నరాల జబ్బు బయటపడింది. కారణం వాళ్లు రోజూ వాడిన బ్రేక్ క్లీనర్ స్ప్రేలోని నార్మల్ హెక్సేన్. ఒక డబ్బాతో ఎవరికీ ఏమీ కాదు, ఏళ్ల తరబడి వాడే కుర్రాళ్లకే ముప్పు. నైట్రైల్ చేతి తొడుగులు వేసుకోండి, సర్జికల్ లాటెక్స్ పనికిరాదు, ద్రావకంలో ఉబ్బి చిరిగిపోతుంది. మూసిన గ్యారేజీలో ఈ పని పెట్టుకోవద్దు. ఆవిరి ఒక్కటే కాదు, ఐడిలింగ్‌లో ఉన్న ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది.

పాలేరు_పయనం

ఇద్దరికీ చాలా థాంక్సండీ. రెండు పరీక్షలూ చేశాను. కాగితం మీద మచ్చ నడుమ ముదురుగా ఉంది, కానీ బూడిద రంగు అంచు దాకా పాకింది, గీసినట్టు హద్దు లేదు. వేడి మీద ప్రెషర్ ఐడిలింగ్‌లో 1.4 బార్, 3000 దగ్గర 3.6. టార్చి వేసి చూస్తే మడ్డి గ్రీజులా ఒక మిల్లీమీటరు దాకా ఉంది, పెచ్చులు లేవు, గోటితో గీకితే మెత్తగా వస్తోంది. ఇప్పుడు పోయించవచ్చా?

స్పానర్17

అంకెలు బాగున్నాయి. పోయించవచ్చు. కానీ అవసరం లేదనేది నా అభిప్రాయం. మంచి ఆయిల్‌లోనే కాల్షియం డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు ఉంటాయి. మీ బండి మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు, స్పెసిఫికేషన్ ఉన్న ఆయిల్ పోసి, ఫిల్టరుతో సహా 2,000 కి.మీ. దగ్గర మార్చండి. ఆ తర్వాత ఇంకో 3,000 తిరిగాక మళ్లీ. మూడోసారి మరో 5,000 తిరిగాక. మెత్తటి మడ్డి నెమ్మదిగా కరిగి ఫిల్టరులోకి పోతుంది, జాలీ మీద ఒక్కసారిగా పడదు. ఖర్చు రెండు ఆయిల్ మార్పిళ్లు ఎక్కువ, అంతే.

ప్రతిసారీ పాత ఫిల్టరుని పారేయకుండా చూడండి. మీదానిలో కాగితం ఎలిమెంటే వస్తుంది కాబట్టి డబ్బా కోసే పని లేదు. కాగితం మడతల్ని బ్లేడుతో రెండు చివర్లా కోసి, పేపరు మీద హార్మోనియం తిత్తిలా సాగదీయండి. నల్లటి నలక వేళ్ల మధ్య నలిపితే పొడైపోతే కార్బన్, భయం లేదు. ఎండలో తిప్పితే మెరిసే రేణువులుంటే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, అంటే చైన్, క్యామ్, పంపు వైపు చూడాలి. అంటుకోకుండా రాగి రంగులోనో వెండి రంగులోనో మెరిస్తే బేరింగు పొర లేస్తోందని. అలాంటప్పుడు ఆయిల్ మార్చి ఊరుకోవద్దు, ఛాంబర్ దింపాలి.

ఫ్లష్ పోయించే తీరాలి అనుకుంటే పద్ధతి ఇది. పాత ఆయిల్ ఉండగానే బండిని ఇరవై నిమిషాలు నడిపి వేడెక్కించండి. ఆపి, ఐదు నిమిషాలాగి గేజ్ చూడండి. లెవెల్ గరిష్ఠ గీత దగ్గరుంటే గేజ్ గొట్టంలోంచి సన్న పైపు, సిరంజితో 300 మి.లీ. బయటికి తీయండి, ఆ తర్వాతే డబ్బా పోయండి. మూత బిగించి స్టార్ట్ చేసి, ఏసీ ఆపేసి, ఐడిలింగ్‌లో వదలండి. డబ్బా మీద రాసిన నిమిషాలే, ఒక్కటి ఎక్కువ వద్దు. రేజ్ చేయొద్దు, బండి కదపొద్దు. మనిషి బండి దగ్గరే ఉండి లైటునీ చప్పుడునీ కనిపెట్టాలి. ఆయిల్ లైటు ఒక్కసారి మినుకుమన్నా, పైన టాపెట్ల దగ్గర టిక్ టిక్ మొదలైనా అదే క్షణం ఇంజిన్ ఆపేయాలి. ఇంకోసారి స్టార్ట్ చేసి చూద్దామనుకోవద్దు, ఛాంబర్ దింపి జాలీ కడగాల్సిందే.

అంతా సవ్యంగా జరిగితే వేడి మీదే డ్రెయిన్ నట్టు తీయండి, చుక్కలు ఆగేదాకా పదిహేను ఇరవై నిమిషాలు వదలండి. పలుచబడిన ఆయిల్ ధార దూరంగా చిమ్ముతుంది, మోచేతుల దాకా తొడుగులుంటే మంచిది. నట్టు వాషరు, ఫిల్టరు, దాని ఓ-రింగు అన్నీ కొత్తవే వేయండి. ఫిల్టరు మార్చకుండా ఫ్లష్ చేస్తే కడిగిన మురికిని మళ్లీ లోపలే పెట్టినట్టు. ఎంత దించినా 200, 250 మి.లీ. లోపల మిగులుతుంది. అందులో ఫ్లష్ వాటా 8.6 శాతం లెక్కన సుమారు 20 మి.లీ. కొత్త 3.2 లీటర్లలో అది ఒక శాతం కూడా కాదు, అందులోనూ చాలావరకు వేడికి ఆవిరైపోతుంది. దాని గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. కానీ ఈ కొత్త ఆయిల్‌ని 10,000 దాకా ఉంచొద్దు, 1,500 దగ్గర మార్చేయండి. కరగడం మొదలైన మడ్డి ఆ తర్వాత కూడా రాలుతూనే ఉంటుంది.

డీజిల్_దారి

స్పానర్17 గారితో ఒక్క చోట నేను ఏకీభవించను. 50,000 కిలోమీటర్ల చరిత్ర తెలియని బండికి, మిల్లీమీటరు మడ్డి ఉన్నప్పుడు, ఆయిల్ మార్పిళ్ల మీదే ఆధారపడటం కంటే ఒకసారి ఛాంబర్ దింపి జాలీ కళ్లతో చూడటం మేలు. టర్బో ఖర్చుతో పోలిస్తే అది చిన్న పని. దింపితే మడ్డిని చేత్తో గీకి తీసేయొచ్చు, రసాయనంతో పనే ఉండదు. ఒక్క జాగ్రత్త: చాలా ఇంజిన్లలో ఛాంబర్‌కి ప్యాకింగు బదులు సిలికాన్ సీలెంటు పూస్తారు. మూడు నాలుగు మిల్లీమీటర్ల తాడులా పూస్తే చాలు. ధారాళంగా పూస్తే బిగించినప్పుడు లోపలికి ఉబ్బిన సిలికాన్ తెగి ఆయిల్‌లో పడి, అదే వెళ్లి జాలీకి అడ్డం పడుతుంది. పాత సీలెంటు పూర్తిగా గీకి, జిడ్డు లేకుండా తుడిచి, ఆయిల్ పోసే ముందు సీలెంటు డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనివ్వాలి.

లెవెల్ గీత దాటకూడదని ఆయన చెప్పినదానికి ఇంకో కారణం కలుపుతాను, డీజిల్ వాళ్లకు ఇది ముఖ్యం. ఆయిల్ మరీ ఎక్కువైతే క్రాంక్ దాన్ని చిలుకుతుంది, నురగ బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే దారి) గుండా టర్బోలోకి, అక్కడి నుంచి సిలిండర్లలోకి పోతుంది. డీజిల్ ఇంజిన్‌కి మండేది ఏదైనా ఇంధనమే. ఆయిల్ తాగుతూ తనంతట తానే వేగం పెంచుకుంటూ పోతుంది, తాళం తీసినా ఆగదు. పలుచటి కిరసనాయిలు కలిసి ఉంటే ఇంకా సులువుగా అంటుకుంటుంది. రెండు లీటర్లు అదనంగా పోయమన్న సలహాలో అసలు ప్రమాదం ఇదే. అలా జరిగితే టాప్ గేర్ వేసి, బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలి ఇంజిన్‌ని ఆపాలి. అది కుదరకపోతే దూరంగా జరగాలి. చేతిని గాలి గొట్టానికి అడ్డం పెట్టకండి.

ఇదే కారణంతో డీజిల్ టర్బో బండిలో ఇంజిన్ నడుస్తుండగా గాలి గొట్టంలోకి కార్బ్ క్లీనర్, స్టార్టింగ్ స్ప్రే కొట్టకండి. స్టార్టింగ్ స్ప్రేలో ఈథర్ ఉంటుంది, గ్లో ప్లగ్గులు ఎర్రగా ఉన్నప్పుడు తగిలితే ఇన్‌టేక్‌లోనే పేలుతుంది. ఇంటర్‌కూలర్‌లో ద్రవం నిలిచి ఒక్కసారిగా సిలిండర్లోకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు), ఇన్‌టేక్‌లో మసి ఉంటే విప్పి కడగడమే సరైన దారి.

బీఎస్6 డీజిల్ ఉన్నవాళ్లకు ఒక మాట. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) మసి కాల్చడానికి అదనంగా చిమ్మే డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది, అందుకే ఆ బండ్లలో గేజ్ లెవెల్ పెరుగుతుంటుంది. అంటే ఆయిల్ అప్పటికే పలుచబడి ఉంది. దాని మీద ఫ్లష్ పోయడం కంటే ఆయిల్ మార్చడమే మందు.

డాలస్_గ్యారేజ్

టైమింగ్ బెల్టు ఆయిల్‌లో మునిగి ఉండే ఇంజిన్లకు ద్రావకం ఉన్న ఫ్లష్ అసలే వద్దు. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ ఆ రకమే, మన దగ్గర ఎకోస్పోర్ట్‌లో వచ్చింది. పెట్రోలు కలిసిన ఆయిల్‌కే ఆ బెల్టు రబ్బరు ఉబ్బి పొరలు లేస్తుంది, ఆ ముక్కలు జాలీలో చేరతాయి. అలాంటి బండిలో మూత తీసి బెల్టు కనిపించినంత మేర పగుళ్లు చూసుకోండి, ఆయిల్ గడువు తగ్గించండి. అంతకు మించి ఏదీ పోయకండి.

బ్రేక్ క్లీనర్ గురించి కూడా. క్లోరిన్ ఉన్న రకం వాడిన భాగాన్ని తడి ఆరకముందే వెల్డింగు చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీద టెట్రాక్లోరోఇథిలీన్ అని ఉంటే వెల్డింగు ఛాయలకు తీసుకెళ్లొద్దు. డైక్లోరోమీథేన్ ఉన్న స్ప్రే పీల్చితే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఇక్కడ అమెరికాలో 2024లో దాని వాడకాలు చాలావరకు నిషేధించారు.

పాలేరు_పయనం

ఛాంబర్ దింపించాలని నిర్ణయించుకున్నాను, ఫ్లష్ పోయించను. చివరగా రెండు చిన్న ప్రశ్నలు. ఇదే ఫ్లష్ బైక్‌లో వాడొచ్చా? దించిన పాత ఆయిల్ ఏం చేయాలి? మా వైపు చెదలు పట్టకుండా దూలాలకు పూస్తారు, దొడ్లో గేదెల పుండ్లకు కూడా రాస్తారు.

ద్రావణి

బైక్‌లో వద్దు. చాలా బైకుల్లో ఇంజిన్‌కీ గేర్లకీ క్లచ్‌కీ ఒకటే ఆయిల్, క్లచ్ ప్లేట్లు అందులోనే నానుతుంటాయి. ఫ్లష్‌లోని రసాయనాలు ప్లేట్ల పొరలోకి ఇంకితే క్లచ్ జారుతుంది. డబ్బా మీద తడి క్లచ్‌కి పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉంటే తప్ప ముట్టుకోకండి.

పాత ఆయిల్‌ని గేదెలకు రాయకండి. అందులో మసి, లోహాల నలుసులు, మండగా మిగిలిన విషపదార్థాలు ఉంటాయి, పశువు నాక్కుంటే లోపలికి పోతాయి. దూలాలకు పూసినా వానకి కారి నేలలోకి, బావిలోకి దిగుతుంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమే. 2023లో చేసిన సవరణతో, 2024 ఏప్రిల్ 1 నుంచి, దాన్ని వెనక్కి తీసుకుని శుద్ధి చేయించే బాధ్యత ఆయిల్ తయారీదారుల మీద కూడా పడింది. పాత ఆయిల్ డబ్బాలోనే తిరిగి పోసి, మూత బిగించి, కాలువలో కాకుండా సర్వీసు సెంటరులో పాత ఆయిల్ డ్రమ్ములో వేయించండి. ఫ్లష్ కలిసిన ఆయిల్ అయితే ఆ సంగతి వాళ్లకు చెప్పండి, దాని ఫ్లాష్ పాయింట్ మామూలు పాత ఆయిల్ కంటే తక్కువ.

స్పానర్17

ఛాంబర్ దించినప్పుడు జాలీ గొట్టం ఓ-రింగు కూడా మార్పించండి. అది గట్టిపడితే పంపు ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తుంది, జాలీ శుభ్రంగా ఉన్నా ప్రెషర్ పడిపోతుంది. టర్బోకి ఆయిల్ వెళ్లే సన్న పైపు కూడా విప్పి, వెలుగుకి ఎదురుగా పెట్టి లోపల చూడండి. కొన్ని బండ్లలో దాని బోల్టులోనే చిన్న జల్లెడ ఉంటుంది, మడ్డి ముందు అక్కడే పేరుకుంటుంది. మూసుకుని ఉంటే కడగొద్దు, కొత్తది వేయించండి.